మందు, మాత్ర, పడకగది: ఎర్రగుంట్ల నుంచి వచ్చిన ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న చాలా పెద్దది. క్లుప్తంగా ఇదీ సంగతి. వయసు 31. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. పెళ్ళయి ఐదేళ్ళు, మూడేళ్ళ పాప ఉంది. శోభనం రోజు టెన్షన్ పోవాలని స్నేహితులు నైంటీ పోయించారు, ఆ రాత్రి బాగానే గడిచింది. అప్పటినుంచి భార్య దగ్గరికి వెళ్ళాలంటే మందు పడాల్సిందే. ఇప్పుడు రోజూ క్వార్టర్, సెలవు రోజు దానికి రెట్టింపు. పొద్దున లేస్తే చేతులు వణుకుతున్నాయి. ఏడాదిగా అంగస్తంభన సరిగా రావడం లేదు, తాగినా అంతే, తాగకపోయినా అంతే. తోటి పనివాడు ఒక నీలం మాత్ర, 'టైమింగ్' కోసమని ఇంకో మాత్ర ఇచ్చాడు. అప్పుడప్పుడు గంజాయి. గొడవలు పెరిగి భార్య పాపను తీసుకుని జమ్మలమడుగులో పుట్టింటికి వెళ్ళి రెండు నెలలైంది. ఆయన అడిగినవి రెండు: "ఇదంతా మందు వల్లేనా, మానేస్తే మళ్ళీ మామూలు మనిషినవుతానా?" "ఆమె ఫోన్ దాస్తోంది, ఇంకెవరితోనో ఉందేమోనని అనుమానం, ఎలా తెలుసుకోవాలి?"

తమ్ముడూ, నేను కడపలో ఇరవై రెండేళ్ళుగా సైకియాట్రిస్టుగా పని చేస్తున్నాను. మీ రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. అయితే మీరు అడగని విషయం ఒకటి ముందు చెప్పాలి, అది ప్రాణానికి సంబంధించింది. ఇది చదివి ఆవేశంగా ఈ రాత్రికి రాత్రే మందు పూర్తిగా ఆపేయకండి.

పొద్దున చేతులు వణుకుతున్నాయని రాశారు చూడండి, మీ మొత్తం ప్రశ్నలో నా కళ్ళు ముందు ఆగింది అక్కడే. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మెదడు మందుకు అలవాటు పడి, దాన్ని ఎదుర్కోవడానికి తన వేగం పెంచుకుని ఉంటుంది. ఒక్కసారిగా మందు ఆగితే ఆ వేగానికి కళ్ళెం ఉండదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చెదురుతుంది: గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం, ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం, ఒళ్ళంతా చెమట, జ్వరం, ఎక్కడున్నారో తెలియకపోవడం. వైద్యం అందకపోతే దీనివల్ల చనిపోయేవాళ్ళున్నారు. అందుకని మాన్పించే పని డాక్టర్ చూస్తుండగా జరగాలి. కొద్ది రోజులు మాత్రలు ఇస్తారు, మోతాదు రోజురోజుకూ తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్ చేస్తారు. మన దగ్గర తాగి నీరసపడ్డవాళ్ళకు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించడం అలవాటు. బాగా తాగేవాళ్ళ ఒంట్లో బి1 అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆస్పత్రిలో "నేను రోజూ తాగుతాను, ఇంత తాగుతాను" అని మీ నోటితో చెప్పాలి. మీరు చెప్పకపోతే వాళ్ళకు తెలిసే దారి లేదు.

ఇక మొదటి ప్రశ్న. అవును, చాలావరకు మందు వల్లే. మీ వయసులో చాలావరకు తిరిగి వస్తుంది కూడా.

ఈ మాట నా దగ్గర ఎవరూ నేరుగా అడగరు. చూపించుకుని, చీటీ తీసుకుని, తలుపు దాకా వెళ్ళి, గొళ్ళెం మీద చెయ్యి వేసి వెనక్కి తిరుగుతారు. "సార్, ఇంకో మాటుంది. ఇంట్లో ఆమెకూ నాకూ ఆ ఇది ల్యాకుండా పోయింది సార్." ఇరవై నిమిషాలు నిద్ర గురించి, కడుపులో మంట గురించి మాట్లాడినవాళ్ళు అసలు వచ్చిన పని తలుపు దగ్గర చెబుతారు. మీరు దాన్ని ముందే రాశారు. సగం పని అయినట్టే.

శోభనం రాత్రి ఏం జరిగిందో చూద్దాం. అంగస్తంభన అంటే రక్తం పని. కోరిక కలిగినప్పుడు నరాల చివర నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై అక్కడి రక్తనాళాలు వదులై నిండుతాయి. ఇది జరగాలంటే ఒళ్ళు కాస్త నిమ్మళంగా ఉండాలి. భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఎగిసి అవే నాళాలను బిగించేస్తుంది. కొత్త పెళ్ళికొడుకు, బయట హాల్లో బంధువులు, రేపు పొద్దున ఏమడుగుతారోనన్న బెదురు. ఇన్నింటి మధ్య శరీరం మొరాయించడం మామూలు విషయం. ఆ రాత్రి నైంటీ మీ భయాన్ని తగ్గించింది, అంతవరకు నిజమే. మందు మెదడులో ముందుగా మొద్దుబరిచేది సంకోచాన్ని, ఆలోచనను, అదుపును. దానికి తోడు "తాగితే బాగుంటుంది" అన్న నమ్మకం కూడా సగం పని చేస్తుంది. కానీ మీరు ఆ రాత్రి నేర్చుకున్న పాఠం వేరు: "నా వల్ల కాదు, మందు వల్లే అయింది" అని. ఐదేళ్ళుగా మీరు మోస్తున్న బరువు ఇదే. ఆ రోజు మీకు ఏ లోపమూ లేదు. ఇంకో రెండు మూడు రాత్రులు మాట్లాడుకుంటూ గడిపి ఉంటే భయం దానంతటదే పోయేది. స్నేహితులు మేలు చేద్దామనే పోశారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ పెళ్ళిళ్ళలో ఈ అలవాటు ఎక్కడ కనిపించినా నేను ఆపమనే చెబుతాను.

లెక్క ఒకటి చెబుతాను, క్వార్టర్ తాగే ప్రతి మనిషికీ ఇది తెలియాలి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే అందులో ఉత్త ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు, బరువులో దాదాపు 61 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగించగలదు. రాత్రి తొమ్మిదింటికి క్వార్టర్ తాగితే అది ఒంట్లోంచి పోయేసరికి తెల్లవారుజాము మూడూ నాలుగూ, ఒక్కోసారి ఐదున్నరా అవుతుంది. పెద్ద సీసా స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్లు, 8 శాతం లెక్కన 41 గ్రాములు. "నేను హాట్ తాగను సార్, బీరే" అనేవాళ్ళు రెండు బీర్లు తాగితే క్వార్టర్ దాటి చాలా దూరం వెళ్ళినట్టు. ఇంత ఎక్కినప్పుడు నరాల మీద స్పర్శ మందగిస్తుంది, మెదడు నుంచి కిందికి వచ్చే సంకేతం బలహీనపడుతుంది, రక్తం సరిగా నిండదు. కొందరికి ఎంతసేపైనా స్ఖలనం కాదు. దాన్ని మగతనం పెరిగిందని సంబరపడేవాళ్ళున్నారు. మొద్దుబారడం తప్ప అందులో ఏమీ లేదు. అవతల మనిషికి అది నొప్పి, విసుగు.

ఇది ఒక రాత్రి సంగతి. ఏళ్ళు గడిచాక లోపల జరిగేది వేరు. మందు వృషణాల మీద నేరుగా పని చేసి టెస్టోస్టిరాన్ తయారీని తగ్గిస్తుంది. మెదడు నుంచి వృషణాలకు వచ్చే ఆజ్ఞ కూడా తగ్గుతుంది. కాలేయం దెబ్బతింటే ఒంట్లో ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ పాలు పెరుగుతుంది. బాగా ముదిరినవాళ్ళకు రొమ్ములు పెరగడం, గడ్డం పలచబడటం, వృషణాలు చిన్నవి కావడం, అరచేతులు ఎర్రబడటం చూస్తాం. బి1 లోపంతో కాళ్ళ నరాలు చచ్చుబడి తిమ్మిర్లు వస్తాయి. అవే నరాల కుటుంబం కిందికి కూడా వెళ్తుంది. మన ఊళ్ళలో అన్నింటికీ 'నరాల బలహీనత' అని ఒకటే పేరు పెడతారు. మిగతా చోట్ల ఆ మాట ఎలా ఉన్నా, తాగేవాళ్ళలో నరాలు నిజంగానే దెబ్బతింటాయి. ఇవన్నీ రాస్తే భయపడతారని తెలుసు. 31 ఏళ్ళ వయసులో, ఐదేళ్ళ తాగుడులో ఇన్నీ మీకు వచ్చి ఉండవు. కానీ ఇదే దారిలో పదేళ్ళు నడిస్తే వచ్చేవి ఇవి.

మీకు మీరే చూసుకోగల గుర్తు ఒకటుంది. తెల్లవారుజామున నిద్రలో గానీ, లేచినప్పుడు గానీ అంగం గట్టిపడి ఉంటోందా? వారంలో కొన్నిసార్లయినా అలా ఉంటే రక్తనాళాలు, నరాలు చాలావరకు బాగున్నాయని అర్థం, భయం పాలే ఎక్కువ. అసలే లేకపోతే షుగర్, రక్తనాళాలు, హార్మోన్లు పరీక్ష చేయించాలి. దీన్ని తాగిన రాత్రి మర్నాడు చూసి లెక్క వేయకండి. మందు నిద్రను ముక్కలు చేస్తుంది, కలలు వచ్చే దశను తగ్గిస్తుంది, ఇవి ఎక్కువగా వచ్చేది ఆ దశలోనే. నైట్ షిఫ్టు చేసిన రోజు కూడా లెక్కలోకి తీసుకోకండి.

భయం పాలు గురించి ఇంకో మాట. ఒకసారి విఫలమైన మనిషి రెండోసారి భార్య పక్కన పడుకుని ఉంటాడు గానీ అతని ధ్యాస ఆమె మీద ఉండదు. "వస్తోందా, లేదా, పోతోందా" అని తన శరీరాన్ని తానే కాపలా కాస్తుంటాడు. ఆ కాపలాకు అడ్రినలిన్ ఎగుస్తుంది, నాళాలు బిగుస్తాయి, మళ్ళీ విఫలం. ఆ అవమానం మరిచిపోవడానికి మరుసటి రోజు ఇంకో నైంటీ. మీరు తాగినా లేదు, తాగకపోయినా లేదు అని రాసిన స్థితి ఇదే. తాగితే మందు అడ్డం, తాగకపోతే భయం అడ్డం.

ఇప్పుడు ఆ రెండు మాత్రల సంగతి.

నీలం మాత్ర సిల్డెనాఫిల్ అయి ఉండాలి. మంచి మందే, డాక్టర్ చూసి ఇస్తే. అది కోరికను పుట్టించదు. కోరిక కలిగినప్పుడు నాళాలు వదులయ్యే పనికి సాయపడుతుంది, అంతే. కాబట్టి ఫుల్లుగా తాగి అది వేసుకుంటే పని చేయకపోవడమే ఎక్కువ. పైగా రెండూ బీపీని దించుతాయి, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడతారు. అసలు ప్రమాదం గుండె మాత్రలతో. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్ళు సిల్డెనాఫిల్ ముట్టకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణాపాయం అంత కిందికి పడిపోతుంది. మీకు గుండె జబ్బు లేకపోవచ్చు. కానీ మీకు ఇచ్చిన మనిషి అదే స్ట్రిప్‌లోంచి యాభై ఐదేళ్ళ సూపర్‌వైజర్‌కు కూడా ఇస్తాడు. ఇది వేసుకుని ఎప్పుడైనా ఛాతీలో నొప్పి వస్తే, ఆస్పత్రిలో ముందు చెప్పాల్సిన మాట "ఈ మాత్ర వేసుకున్నాను" అని. సిగ్గుపడి దాచితే అక్కడ నైట్రేట్ ఇచ్చేస్తారు. నాలుగు గంటలు దాటినా అంగం దిగకుండా నొప్పిగా ఉంటే అది కూడా అత్యవసరమే, తెల్లారేదాకా ఆగకూడదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది రెండో మాత్ర. టైమింగ్ కోసం ఊళ్ళలో చేతులు మారే మాత్రల్లో ట్రమడాల్ చాలా చూశాను. అది నొప్పి మాత్ర, నల్లమందు జాతిది. స్ఖలనాన్ని ఆలస్యం చేస్తుందన్నది నిజం. అందుకే వ్యాపించింది. కొన్ని నెలలకు ఒకటి చాలదు, రెండు కావాలి. మానేస్తే ఒళ్ళు పులిసిపోతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం దీన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. ట్రమడాల్‌కు ఫిట్స్ తెప్పించే గుణం ఉంది. మందు మానినప్పుడు కూడా ఫిట్స్ వస్తాయని పైన చెప్పాను. రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మందుతో కలిపి ఎక్కువ వేసుకుంటే నిద్రలోనే శ్వాస మందగిస్తుంది.

పులివెందుల వైపు నుంచి చీనీ (బత్తాయి) తోట రైతు ఒకాయన వచ్చాడు, నలభై దాటిన మనిషి. వేరే ఊళ్ళో బస్టాండు పక్క లాడ్జిలో వారానికొకసారి దిగే 'వైద్యుడి' దగ్గర శీఘ్రస్ఖలనానికి లేహ్యం కొన్నాడు. నల్లటి ముద్ద, రాత్రిపూట పాలతో చింతగింజంత వేసుకోమన్నాడట. బ్రహ్మాండంగా పని చేసింది. ఎనిమిది నెలలకు ఆ వైద్యుడు రావడం మానేశాడు. మూడో రోజుకల్లా ఈయనకు ఆవులింతలు ఆగవు, కళ్ళల్లో ముక్కులో నీళ్ళు, ఒళ్ళు గగుర్పాటు, విరేచనాలు, రాత్రంతా కాళ్ళు పీకుడు. పట్టుకోకుండానే వీర్యం పోతోందని ఏడ్చాడు. ఎవరో చేతబడి చేశారని ఇంట్లోవాళ్ళు తాయెత్తు కట్టించి తీసుకొచ్చారు. మూత్ర పరీక్షలో నల్లమందు జాతి పదార్థం బయటపడింది. శక్తినిచ్చే లేహ్యం అనుకుని ఆయన ఎనిమిది నెలలు మత్తుమందు తిన్నాడు. ఆ జాతి మందులు మెదడు నుంచి వృషణాలకు వెళ్ళే ఆజ్ఞను అణిచేసి టెస్టోస్టిరాన్‌ను పడగొడతాయి. మొదట టైమింగ్ పెరుగుతుంది, తర్వాత కోరికే చచ్చిపోతుంది, మానగానే శీఘ్రస్ఖలనం మునుపటికంటే ఘోరంగా తిరిగి వస్తుంది. ఆయన కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మగతనం తెప్పిస్తామని ప్రకటన వేయడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా ఆ పోస్టర్లు లేని బస్టాండు గోడ నేను చూడలేదు. శీఘ్రస్ఖలనానికి నమ్మదగిన వైద్యం ఉంది. డపోక్సెటిన్ లాంటి మాత్రలున్నాయి, మాత్రలు లేకుండా నేర్పే పద్ధతులున్నాయి. దానికోసం ఎవరూ నల్లమందు తినక్కర్లేదు.

గంజాయి గురించి నిజాయితీగా చెప్పాలి. తక్కువ మోతాదులో స్పర్శ బాగుందని, సమయం నెమ్మదించినట్టుందని చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. గంజాయి కాలం లెక్కను మారుస్తుంది. అరగంట అనిపించింది ఐదు నిమిషాలే అయి ఉండవచ్చు. అంగస్తంభన మీద దాని ప్రభావం విషయంలో అధ్యయనాలు ఒకే మాట చెప్పవు. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళలో వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గడం మాత్రం పలుమార్లు కనిపించింది. మన దగ్గర దాన్ని సిగరెట్టులో పొగాకుతో కలిపి తాగుతారు కాబట్టి నికోటిన్ దెబ్బ అదనం. అన్నిటికంటే ముఖ్యం, గంజాయి అనుమానాన్ని పెంచుతుంది. ఆ సంగతి కిందికి వస్తాను.

పొగాకును ఎవరూ మత్తులో లెక్కపెట్టరు. మీరు కూడా రాయలేదు, కానీ సిగరెట్టో, గుట్కానో, ఖైనీనో ఉంటుందని నా అంచనా. అంగానికి వెళ్ళే రక్తనాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నటివి. గుండె నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్లు. పూడిక మొదలైతే ముందు తెలిసేది సన్న నాళాల్లోనే. నలభై దాటిన మనిషి అంగస్తంభన సమస్యతో వస్తే, పొగతాగేవాడైతే, షుగర్ ఉంటే, నేను ఈసీజీ తీయించకుండా పంపను. గుండెపోటు రావడానికి కొన్నేళ్ళ ముందే కిందినుంచి హెచ్చరిక వచ్చినవాళ్ళు చాలామంది. బెంగళూరులో చదివే మన పిల్లల ద్వారా వచ్చే పౌడర్లు, పార్టీ బిళ్ళల గురించి ఇక్కడ పెద్దగా రాయను. అవి కోరికను రగిల్చి అంగస్తంభనను దెబ్బతీస్తాయి, దాంతో పైన సిల్డెనాఫిల్ వేస్తారు, గుండె రెండువైపులా నలుగుతుంది. ఆ మత్తులో కండోమ్ గుర్తుండదు. ఇంతవరకు చాలు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఇది రాయడానికి నాకు మొదటిదానికంటే ఎక్కువ సమయం పట్టింది.

ఏళ్ళుగా తాగే మగవాళ్ళలో, ముఖ్యంగా పడకలో విఫలమవుతున్నవాళ్ళలో, భార్య మీద అనుమానం ఒక జబ్బుగా వస్తుంది. వైద్యశాస్త్రంలో దీనికి పేరుంది, వైద్యం ఉంది. లోపల నడిచే లెక్క ఇలా ఉంటుంది: "నేను ఆమెకు సుఖం ఇవ్వలేకపోతున్నాను, కాబట్టి ఆమె ఇంకెక్కడో వెతుక్కుంటోంది." తర్వాత ప్రతిదీ సాక్ష్యంలా కనిపిస్తుంది. ఫోన్ పక్కకు తిప్పితే సాక్ష్యం, తిప్పకపోతే మెసేజీలు చెరిపేసిందని సాక్ష్యం. అన్నతో మాట్లాడుతూ నవ్వితే సాక్ష్యం. ఎంత రుజువు చూపినా కదలని అనుమానం కేవలం అనుమానం కాదు, అది మెదడు జబ్బు. నా అనుభవంలో తాగుడు తెచ్చే అన్ని చిక్కుల్లో ఇదే ప్రమాదకరం. చేతులు లేచేది, కత్తులు లేచేది దీనివల్లే. ఎలా తెలుసుకోవాలని అడిగారు. తెలుసుకోవడానికి ప్రయత్నించకండి. ఆమె ఫోన్ వెతకడం, వీడియో కాల్ చేసి గది మొత్తం చూపించమనడం, ఎవరినైనా కాపలా పెట్టడం, ఏదీ చేయవద్దు. ఎన్నిసార్లు చూసినా అనుమానం తీరదు, కొత్తది పుడుతుంది. ఈ మాటలన్నీ డాక్టర్ దగ్గర చెప్పండి. మందు, గంజాయి ఆగాక కొందరికి కొన్ని వారాల్లో సడలుతుంది, కొందరికి మాత్రలు అవసరం పడతాయి. తాగి జమ్మలమడుగుకు మాత్రం వెళ్ళకండి, ఒక్కసారి కూడా.

ఆమె ఎందుకు ముడుచుకుంటోందో మీకు అర్థం కావాలని ఒక మాట చెబుతాను. మీలాంటి మనిషి భార్య, ఆయన బయట కూర్చుని ఉండగా నా ముందు చెప్పింది: "తాగొచ్చి మీద చెయ్యేస్తే నాకు ఒళ్ళు కట్టె మాదిరి అయిపోతాది సార్. ఆ వాసనకు ఊపిరి బిగబట్టుకుంటా. ఎప్పుడయిపోతాదా అని గోడ మీద గడియారం చూస్తా ఉంటా." ఆ భర్త మాత్రం ఆమెకు కోరిక లేదని, వేరే ఎవరో ఉన్నారని నాతో చెప్పాడు. ఆమెకు లేనిది ఆ వాసన మీద కోరిక. తాగిన మత్తులో ఆమె వద్దన్నా వినకపోవడం మీ ఇంట్లో జరిగి ఉంటే, అది కోరిక సమస్య కిందికి రాదు, హింస కిందికి వస్తుంది. 2005 గృహహింస చట్టంలో లైంగిక హింస స్పష్టంగా ఉంది. ఇది చదివే ఆడవాళ్ళు 181కి ఫోన్ చేయవచ్చు.

ఆడవాళ్ళకు, వాళ్ళ పుట్టింటివాళ్ళకు ఇంకో మాట. "తెలియకుండా మందు మాన్పిస్తాం" అని అమ్మే పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండవచ్చు. మజ్జిగలోనో, కూరలోనో కలిపి పెడితే, ఆ మనిషి ఆ రోజు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ఆ మందు మేమూ వాడతాం, కానీ వేసుకునే మనిషికి తెలిసి, ఒప్పుకుని, రక్త పరీక్షలయ్యాక మాత్రమే. మీ మీద కోపంతో కాక ప్రేమతోనే మీ అత్తగారింట్లో ఎవరైనా ఈ ఆలోచన చేయవచ్చు, అందుకే రాస్తున్నాను.

ఏం చేయాలో ఇక చెబుతాను. కడప రిమ్స్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది. కర్నూలు, అనంతపురం సర్వజన వైద్యశాలల్లోనూ ఉంది. ఊళ్ళో ఎవరైనా చూస్తారని సిగ్గయితే కర్నూలు వెళ్ళండి, దాంట్లో తప్పేం లేదు. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే 14416 టెలి మానస్, 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్. రెండూ ప్రభుత్వానివే, డబ్బులు పడవు. మొదట వారం పది రోజులు సురక్షితంగా మందు ఆపడం, మీ వణుకును బట్టి ఆస్పత్రిలో చేరాల్సి రావచ్చు. అప్పుడే షుగర్, కొలెస్ట్రాల్, కాలేయ పరీక్షలు చేయించుకోండి. టెస్టోస్టిరాన్ పరీక్ష మాత్రం మందు ఆగిన కొన్ని వారాలకు, పొద్దున పది లోపల ఇవ్వండి. ఆ హార్మోను పొద్దునే ఎక్కువగా ఉంటుంది, మధ్యాహ్నం ఇస్తే తక్కువ చూపించి అనవసరంగా బెంగపెడుతుంది. ఎవరైనా పరీక్ష లేకుండానే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేస్తానంటే వేయించుకోకండి. బయటినుంచి హార్మోను ఇస్తే లోపలి తయారీ ఆగి, వీర్యకణాలు పడిపోతాయి. రెండో బిడ్డ కావాలనుకునేవాళ్ళకు అది పెద్ద దెబ్బ. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి వీర్య పరీక్ష కూడా మానిన మూడు నెలలకు చేయిస్తేనే నిజం తెలుస్తుంది.

తర్వాత మళ్ళీ తాగాలన్న ఆరాటం తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఉన్నాయి, మీ కాలేయం చూసి డాక్టర్ ఎంచుతారు. మీరు ట్రమడాల్ వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఒంట్లో అది ఉండగా నాల్‌ట్రెక్సోన్ పడితే నల్లమందు మానిన బాధలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

మొదటి నెల కష్టంగా ఉంటుంది, ముందే తెలుసుకోండి. నిద్ర సరిగా పట్టదు, చిరాకు, కోరిక ఇంకా తగ్గినట్టు కూడా అనిపిస్తుంది. "మానేసినా ఏం రాల్యా సార్" అని మూడో వారంలో మళ్ళీ సీసా పట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. మూడు నెలలు నిండకుండా తీర్పు చెప్పకండి. తెల్లవారుజాము అంగస్తంభనలే ముందుగా తిరిగి వస్తాయి, వాటిని చూసి ధైర్యం తెచ్చుకోండి. షుగర్ బాగా ముదిరినవాళ్ళకు, కాలేయం గట్టిపడినవాళ్ళకు పూర్తిగా రాకపోవచ్చు, వాళ్ళకు కూడా వైద్యం ఉంది. మీ సంగతి అంత దూరం వెళ్ళలేదని మీ రాతను బట్టి అనిపిస్తోంది.

ఆమె తిరిగి వచ్చాక, వస్తే, మొదటి కొన్ని వారాలు కలయిక వద్దని ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. పక్కన పడుకోవడం, చెయ్యి పట్టుకోవడం, వీపు నిమరడం వరకే. ఇది మేము నేర్పే చికిత్సే, మంచి ఫలితం ఉంటుంది. పరీక్ష లేదని తెలిసినప్పుడు శరీరం కాపలా కాయడం మానేస్తుంది. అంగస్తంభన వచ్చినా ఆ రోజుకు ఆగండి. వచ్చినది పోయినా మళ్ళీ వస్తుందని శరీరం నేర్చుకోవాలి. అప్పుడు డాక్టర్ అవసరమనుకుంటే తక్కువ మోతాదు సిల్డెనాఫిల్ కొన్నాళ్ళు వాడమంటారు, ఆ రోజుకు అది నిజంగా పని చేస్తుంది.

ఈ వారంలో ఆమెకు ఫోన్ చేయాలనిపిస్తే తాగకముందు, పగలు చేయండి. ఫోన్ గురించి, ఎవరి గురించీ అడగొద్దు. "ఆస్పత్రిలో చూపించుకుంటాండా. నిన్ను ఇప్పుడే రమ్మనడంల్యా. పాపతో రోజూ రెండు నిమిషాలు మాట్లాడనియ్యి చాలు." ఇంతకుమించి ఏమీ వద్దు.

ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆ రెండు మాత్రల స్ట్రిప్పులు, ఖాళీవైనా సరే, జేబులో పెట్టుకుని వెళ్ళండి. టైమింగ్ మాత్ర పేరు, ఎన్నాళ్ళుగా, రోజుకు ఎన్ని అన్నది కాగితం మీద రాసుకోండి. అది ట్రమడాలే అయితే మీకు ఇవ్వాల్సిన మాత్రల వరస మొత్తం మారుతుంది. ఓపీ చీటీ పొద్దునే తీసుకోవాలి, తొమ్మిదికల్లా అక్కడ ఉండండి.